అమావాస్య నాటి కొలత

మా మగ్గాలు ఎందుకు ఆగిపోయాయని ఎవరైనా అడిగితే మా ఆయన "కాలం మారింది కదా" అంటాడు. కాలం మీదికి తోసేస్తే ఎవరికీ కోపం రాదు, అదొచ్చి ఎదురు మాట్లాడదు. నేను మాత్రం అలా అనను. మా మగ్గాలను ఆపింది మా ఇంటి వెనక పొలంలో లేచిన తెల్ల కట్టడమూ, దాంట్లో ఉద్యోగం చేసే మా సొంత మరిదీ. చుట్టాల మధ్య ఈ మాట అంటే అందరూ వక్కాకు నములుతూ నేల చూస్తారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నేను పుట్టింది బెంగళూరు పేటలో, నేతగాళ్ళ ఇంట్లో. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడ. మా నాన్న మగ్గాలు ఆడిన సందులో ఇప్పుడు వరసగా సెల్‌ఫోన్ కవర్ల అంగళ్ళు. ఆయన మగ్గాలు విప్పేసిన రోజు మా అమ్మ అన్నం వండలేదు. ఆ ఇంట్లో తర్వాత వచ్చిన నిశ్శబ్దం నాకు బొత్తిగా పడలేదు. దొడ్డబళ్ళాపురం నుంచి నా పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను నేను అడిగింది ఒక్కటే ప్రశ్న, మగ్గాలు ఆడుతున్నాయా అని. కాబోయే అత్త పకపకా నవ్వింది.

"ఎందుకు ఆడవమ్మా, బాగా ఆడతా ఉండాయి. నీకే నిద్ర పట్టదు చూడు, వచ్చినాక నన్ను తిట్టుకోవద్దు."

నిద్ర బ్రహ్మాండంగా పట్టింది. వీధి చివరి ఇల్లు మాది. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో నాలుగు మరమగ్గాలు. రెండింటి మీద మా ఆయన, రెండింటి మీద ఒక కూలి నేతగాడు. నేను కండెలకు దారం చుట్టేదాన్ని. వంటింట్లో పోపు వేస్తూ కూడా ఏ మగ్గంలో పోగు తెగిందో చప్పుడుతో చెప్పేదాన్ని, అందులో గొప్పేమీ లేదు, మా వీధి ఆడవాళ్ళందరూ చెబుతారు. ఆయనకు మగ్గమంటే పని మాత్రమే కాదు. మాట తక్కువ మనిషి. కొత్త పడుగు ఎక్కించిన రోజు మాత్రం భోజనం దగ్గర ఆపకుండా మాట్లాడేవాడు.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. అమావాస్య నాడు మగ్గం ఆడదు. ఆ రోజు మగ్గాలు తుడిచి, నూనె పోసి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొడతాం. మా మామగారి కాలంలో ఇలాగే నూనె పోస్తుండగా ఎవరో తెలియక స్విచ్చి వేశారట, ఒక మనిషి వేళ్ళు బెల్టులో పడి నలిగిపోయాయట. అప్పటి నుంచి అమావాస్య తెల్లవారగానే షెడ్డు మెయిన్ స్విచ్చి దించేయడం మా ఇంటి ఆచారమైంది. మిగతా రోజుల్లో మగ్గాలు ఆపినా మెయిన్ దించం, దేవుడి పటం ముందు చిన్న బల్బు వెలగాలి కదా.

మరిది మా ఆయనకంటే చాలా చిన్నవాడు. నేను కాపురానికి వచ్చేసరికి బడికి పోతున్నాడు. మగ్గం జోలికి వాణ్ణి రానివ్వలేదు అన్న. చదివించాడు. చదివినవాడు ఊరికే పోలేదు, బెంగళూరులో వైర్‌లెస్ కంపెనీలో చేరాడు. ఆ రోజుల్లో ఎవరింట్లో చూసినా అదే మాట. ఫోన్ లోపల ఉండే చిప్పును ఇక్కడే గీస్తారట, టవరుకూ ఫోనుకూ మధ్య మాటలు ఎలా నడవాలో ఇక్కడే రాస్తారట, ప్రపంచంలో ఎవరు ఎవరికి ఫోన్ చేసినా అందులో బెంగళూరు చెయ్యి ఉంటుందట. మరిది పండక్కి వచ్చినప్పుడల్లా ఇవి చెప్పేవాడు, మా ఆయన నోరు తెరుచుకుని వినేవాడు. నేనూ విన్నాను, అబద్ధమెందుకు. సంతోషపడ్డాను కూడా.

అలా వచ్చిన ఒకసారి వాడు ఒక చిన్న పెట్టె తెచ్చాడు. షెడ్డుకు నాలుగువైపులా రేకులు కాబట్టి లోపల ఫోన్ పలికేది కాదు. పేట నుంచి చీరల వ్యాపారులు ఫోన్ చేస్తే అందక, ఆర్డరు పక్క వీధికి పోయేది. ఆ పెట్టె బూస్టరు, సిగ్నల్‌ను పెంచేది. పైకప్పు మీద ఇనప పైపు నిలబెట్టి, దానికొక ఏరియల్ కట్టి, వైరు లోపలికి లాగి, పెట్టెను షెడ్డులోనే ప్లగ్గుకు తగిలించాడు. వెంటనే ఫోన్ మోగింది. "చూడన్నా, ఇంక నీకు బేజారు లేదు" అన్నాడు. మా ఆయన తమ్ముడి భుజం తట్టి, వీధిలో నలుగురినీ పిలిచి చూపించాడు. ఇలాంటివి సర్కారు అనుమతి లేకుండా ఇళ్ళల్లో పెట్టకూడదని మాకు తెలియదు. వాడికి తెలుసు. తర్వాత ఎప్పుడో తెలిసింది మాకు, వాడికి తెలుసని.

బెంగళూరు పెరిగి పెరిగి మా వైపుకు వచ్చింది. బొమ్మసంద్ర వైపు ఫ్యాక్టరీలు, కాడుగోడి వైపు ఆఫీసులు నిండిపోయాక ఉత్తరం మీద పడ్డారు. మా ఇంటి వెనక రాగులు పండే పొలం ఒక ఏడాదిలో చదునైపోయింది. కాంపౌండు లేచింది, లోపల తెల్ల కట్టడం లేచింది. మరిది కంపెనీదే. వాడు కాడుగోడి నుంచి ఇక్కడికి మారాడు, కాపురం మాత్రం అక్కడే, రోజూ కారులో వచ్చిపోయేవాడు. కొత్త ఫోన్లూ, రకరకాల వైర్‌లెస్ పెట్టెలూ ఎంత దూరం పలుకుతాయో, ఎంత గట్టిగా పలుకుతాయో అక్కడ కొలుస్తారట. దానికి చుట్టుపక్కల గాలిలో వేరే రేడియో గోల ఉండకూడదట, సద్దుమణిగిన చోటు కావాలట. సద్దుమణిగిన చోటు కావాలని నేతగాళ్ళ వీధికి వచ్చారు మహానుభావులు!

ఒక రోజు మరిది ఆఫీసు మధ్యలో ఇంటికి వచ్చాడు. ముఖం వాడిపోయి ఉంది. నేను మజ్జిగ ఇస్తే తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"వదినా, ఒక గలాటా అయింది. మా కొలతల్లో ఏదో గోల వస్తా ఉండాది. ఎక్కడి నుంచో తెలీదు. మీ గోడ వైపు నుంచే అని అంటా ఉండారు."

"మా గోడ వైపు ఏముందప్పా? మగ్గాలే కదా ఉండేది."

"అదే వాళ్ళూ అంటా ఉండారు. పాత మోటర్లు, పాత స్టార్టర్లు. నిప్పురవ్వలు లేచినప్పుడల్లా రేడియోలో గర్రుమని వస్తాది కదా, అట్లాంటిది."

నాకు నవ్వొచ్చింది. వాడు నవ్వలేదు. ఊళ్ళో ఇలాంటి కేంద్రాలు వీధికొకటి పుడుతున్నాయనీ, ఇక్కడ కొలతలు నిలవకపోతే పని ఇంకొకరికి పోతుందనీ, పోతే ముందు తన టీమునే ఇంటికి పంపుతారనీ చెప్పాడు. అప్పుడే మా ఆయన షెడ్డులోంచి వచ్చాడు, చెవుల్లో దూది ముక్కలతో. మరిది విషయం చెప్పి, తనే ఒక ఉపాయం చెప్పాడు.

"అన్నా, వచ్చే అమావాస్యకు ఎట్లా అయినా మగ్గాలు ఆడవు కదా. ఆ రోజు కొలుస్తాం. గోల అట్లే ఉంటే మగ్గాల తప్పు కాదు. నేనే చెప్తా వాళ్ళకు."

న్యాయంగానే తోచింది. అమావాస్య వచ్చింది. తెల్లవారగానే మా ఆయన మెయిన్ దించాడు. మేము మగ్గాలు తుడిచాం, టెంకాయ కొట్టాం. సాయంత్రం మరిది లాప్‌టాప్ తెచ్చి వసారాలో పెట్టాడు. ముందు రోజు కొలతల బొమ్మలో గీతలు గరిక మొలిచినట్టు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అమావాస్య నాటి బొమ్మ అలికిన నేల మాదిరి చదునుగా ఉంది.

"మగ్గాలే అన్నా," అన్నాడు. గొంతు చిన్నది చేసుకుని అన్నాడు, నిజం చెప్పాలి.

మెయిన్ దించితే మగ్గాలతో పాటు షెడ్డులో ఉన్నవన్నీ ఆగిపోతాయని అక్కడున్న ఒక్కరికీ తోచలేదు. నాకూ తోచలేదు, మా ఆయనకూ తోచలేదు. మాకు తోచకపోవడం సరే, కండెలు చుట్టుకునేవాళ్ళం. అంత చదువు చదివి, తన చేత్తో ప్లగ్గు పెట్టినవాడికి తోచొద్దా? బూస్టరు అక్కడే, దేవుడి పటం పక్కన, దాని వెనక బల్లి కాపురం పెట్టేంత పాతబడి ఉంది.

తర్వాత జరిగింది బలవంతమని చెప్పలేను. కంపెనీవాళ్ళు నోటీసివ్వలేదు, గద్దించలేదు. తమ్ముణ్ణి పంపారు, అంతే. పగలు తమ కొలతలు జరిగేటప్పుడు మెయిన్ దించేసి, సాయంత్రం తాము పోయాక ఆడించుకోమని. మా ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నేను గొడవపడ్డాను.

"వాళ్ళు నిన్న వచ్చినారు. మనం ఎప్పటి నుంచో ఉండాం. మనం యాల దించాల?"

"వాడి ఉద్యోగమే. ఇంకెవురి కోసమో కాదు కదా."

"మగ్గం మన ఉద్యోగం కాదా?"

"రాత్రి ఆడిస్తాం లే. మగ్గానికి పగలేంది, రాత్రేంది."

ఆయన మాటకు నేను తలవంచాను. మెయిన్ దించగానే మరిది చెప్పినట్టే గోల ఆగిపోయింది. వీధిలోని మిగతా మగ్గాలు గోడకు దూరం కాబట్టి వాటి జోలికి ఎవరూ పోలేదు. పగలంతా అందరి షెడ్లూ మోగుతుంటే మాది నోరు మూసుకుని ఉండేది. పక్కింటావిడ గోడ మీది నుంచి తొంగిచూసి "ఏమక్కా, మీ మగ్గాలకేం తెగులు?" అనేది. వైర్‌లెస్ తెగులు అని చెప్పేదాన్ని.

సాయంత్రం మెయిన్ ఎత్తి ఆయన పొద్దుపోయేదాకా నేసేవాడు. మా ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో అప్పటికే అపార్ట్‌మెంట్లు వచ్చాయి. వాటిలో ఉండేది ఎవరనుకున్నారు? ఆ తెల్ల కట్టడంలో పనిచేసేవాళ్ళే, వాళ్ళలాంటి ఇంకో కంపెనీవాళ్ళే. వీధి మగ్గాలన్నీ తొమ్మిదికి ఆగితే మావి మాత్రం ఆడుతున్నాయని, పిల్లలకు నిద్ర లేదని ఫిర్యాదు చేశారు. పోలీసాయన మర్యాదగానే వచ్చి, తొమ్మిది తర్వాత ఆపాలని చెప్పి పోయాడు. పగలు ఆడిస్తే వాళ్ళ యంత్రానికి చెవిపోటు, రాత్రి ఆడిస్తే వాళ్ళకు నిద్రచేటు. మధ్యలో మూడు గంటలు మిగిలాయి మాకు. మూడు గంటల్లో ఏ చీర దిగుతుంది? గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

కూలి నేతగాడు ముందు పోయాడు. "అన్నా, నాకూ ఇల్లుండాది కదా" అన్నాడు, ఏడ్చినంత పని చేశాడు. తర్వాత వ్యాపారులు పోయారు. పండగ సరుకు అందక ఒకసారి ఊరుకున్నారు, పెళ్ళిళ్ళ సరుకు అందక రెండోసారి ఊరుకోలేదు. మరిదికి చెబితే "కొంచెం ఓర్చుకో వదినా, గోడకు ఏదో రేకు కట్టిస్తామంటా ఉండారు" అనేవాడు. ఆ రేకు ఇప్పటికీ రాలేదు. ఆడని మగ్గానికి తుప్పు తొందరగా పడుతుంది. మా ఆయన రోజూ నూనె గుడ్డతో తుడిచేవాడు. చూడలేక నేనే తిట్టేదాన్ని, ఎందుకా పూజలని.

చివరికి పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. మగ్గంగా కొనేవాడు ఒక్కడూ దొరకలేదు. విప్పేటప్పుడు ఆయన దగ్గరుండి "అది అట్ల కాదప్పా, ముందు ఆ బోల్టు తియ్, లేకుంటే విరిగిపోతాది" అని చెబుతున్నాడు. వాడు నవ్వి "విరిగితే ఏమన్నా, కరిగించేదే కదా" అన్నాడు. మా ఆయన లోపలికి వచ్చి నీళ్ళు తాగి, మళ్ళీ బయటికి పోలేదు. మా అమ్మ ఆ రోజు అన్నం ఎందుకు వండలేదో నాకు అర్థమైంది. నేను వండాను. ఇద్దరమూ తినలేదు.

షెడ్డు కరెంటు తీయించేశాం. ఆయన ఇంట్లో నుంచే వ్యాపారులకు ఫోన్లు చేసుకుంటూ, వేరేవాళ్ళు నేసిన చీరలు కమీషన్‌కు అమ్మి పెట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఫోన్ సరిగా పలకదు. వెనక గోడకు ఆనుకుని ప్రపంచంలోని ఫోన్లన్నిటికీ మాట నేర్పే కంపెనీ, ఇక్కడ మా ఆయన కిటికీ ఊచలు పట్టుకుని "హలో, హలో" అని అరవడం. అందుకని బూస్టరును షెడ్డులోంచి తెచ్చి పడకగదిలో పెట్టుకున్నాడు.

అంతే. గోడ అవతల గోల మళ్ళీ మొదలైంది.

ఒక మధ్యాహ్నం మరిది, వాడితో ఇద్దరు ఇంజనీర్లు వీధిలోకి వచ్చారు. ఒకడి చేతిలో చేప ముల్లు లాంటి ఏరియల్, ఇంకొకడి మెడలో చిన్న తెర ఉన్న యంత్రం. ఇంటింటి ముందూ ఆగి, ఏరియల్‌ను అటూ ఇటూ తిప్పుతూ నడిచారు. చివరికి మా ఇంటి ముందు ఆగారు. ఏరియల్ పట్టుకున్నవాడు దాన్ని మెల్లగా పైకెత్తి మా పైకప్పు మీది పైపుకు చూపించాడు.

నేను వసారాలో బియ్యం ఏరుతూ మరిది ముఖమే చూస్తున్నాను. వాడు పైపును చూశాడు. దాన్ని నిలబెట్టినప్పుడు కింద నిచ్చెన పట్టుకున్నదాన్ని నేనే. ఒక్క క్షణంలో వాడికి అంతా అర్థమైంది, వాడి ముఖంలో రక్తం దిగిపోవడం చూసి నాకూ అర్థమైంది. అమావాస్య నాడు సద్దుమణిగింది ఎందుకో, గోల చేసింది బూస్టరని, మగ్గాలు ఏ పాపం ఎరగవని, అన్నీ.

మా ఆయన బయటికి వచ్చాడు. ఏరియల్ పట్టుకున్నవాడు అడిగాడు, ఈ బూస్టరు ఎవరిది, ఎవరు పెట్టారు, ఇది పెట్టకూడదని తెలియదా అని. మా ఆయన తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు వంగి షూ లేసు కట్టుకుంటున్నాడు. అది ఊడనే లేదు.

"నాదే సార్," అన్నాడు మా ఆయన. "నేనే పెట్టినా. తెలీక పెట్టినా."

నేను చేట పక్కన పెట్టి లేచాను. ఆయన నన్ను చూశాడు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నన్ను కసిరింది లేదు, ఆ చూపుతో కసిరాడు. నేను నిలబడ్డచోటే నిలబడిపోయాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పట్టినా ఇలాంటి అన్న ఉంటే విడిపించేస్తాడు.

కంపెనీ ఫిర్యాదు చేసింది. అధికారులు వచ్చి పెట్టెను, పైపును విప్పుకుని పోయారు. కేసు మా ఆయన పేరు మీద రాశారు. ఆ రోజు నేను ఆయనతో గట్టిగానే మాట్లాడాను. మగ్గాలు పోయినాయి, మర్యాదా పోయె, ఇంకేం ఇస్తావు మీ తమ్మునికి అని. ఆయన అన్నదల్లా "వాడి పేరు చెప్తే మగ్గాలు తిరిగి వస్తాయా?" అని. రావని నాకూ తెలుసు. కోపం మాత్రం ఉంది.

కొన్ని వారాల తర్వాత మరిది మైసూరు పాకు డబ్బాతో వచ్చాడు. గోల ఎక్కడుందో కనిపెట్టినందుకు టీముకు మెచ్చుకోలు వచ్చిందట, వీడికి ప్రమోషన్ వచ్చిందట. అన్న కాళ్ళకు దండం పెట్టాడు. కళ్ళు తడిగానే ఉన్నాయి. వాడు రాక్షసుడని నేను అనను, పిరికివాడు. రాక్షసుడైతే నయం, తిట్టి తలుపేసుకునేదాన్ని.

కూర్చుని కాసేపయ్యాక అన్నాడు, "అన్నా, ఇంకో మాట. పై వాళ్ళతో మాట్లాడినా. ఇప్పుడు కొలతలు బాగా వస్తా ఉండాయి. మగ్గాలతో ఏమీ ఇబ్బంది లేదంట. పగలు కూడా ఆడించుకోవచ్చంట. అభ్యంతరం లేదంట."

వాకిలికి అవతల షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల నాలుగు మగ్గాలున్నచోట నేల మీద నాలుగు నూనె మరకలు. వాడు అటు చూడలేదు. నాకు నవ్వాలో డబ్బా విసిరికొట్టాలో తెలియలేదు. మా ఆయన మాత్రం "మంచిదప్పా" అన్నాడు, మైసూరు పాకు ఒక ముక్క తీసుకుని చిన్నగా కొరికాడు. తర్వాత ఆ ముక్కను చేతిలో తిప్పుతూ, నేను ఎన్నడూ వినని గొంతుతో అడిగాడు.

"కమీషన్ బేరం సాగేటట్ల లేదప్పా. మీ ఆఫీసులో వాచ్‌మన్ పనేమన్నా ఉంటే చూడు. వెనక గోడే కదా, నడిచి వస్తా."

మరిది మీసం తడుముకున్నాడు.

"నేను అడుగుతా అన్నా. కాకుంటే మా ఆఫీసులో ఎవర్ని తీసుకోవాలన్నా ముందు వాళ్ళ మీద ఏమన్నా ఉందేమో చూస్తారు. ఆ బూస్టరు కేసు ఉండాది కదా, నీ పేరు మీద... అది అడ్డం వస్తాది."

నేను మా ఆయన వైపు చూశాను. కనీసం ఇప్పుడైనా ఒక్క మాట అంటాడని చూశాను.

"ఔను కదా," అన్నాడాయన తలూపుతూ. "అది నేను మర్చేపోయినా."

నేను లేచి, మైసూరు పాకు డబ్బాకు మూత పెట్టి, తెచ్చిన సంచిలోనే వేసి మరిది చేతికిచ్చాను.

"పొద్దుపోతా ఉండాది, బయల్దేరప్పా," అన్నాను. "మళ్ళీ కాడుగోడి బస్సు దొరకదు."

వాడు కారులో వచ్చాడని నాకు తెలుసు.